నాగజెముడు: గంజాం ఇసుకలో ఎడారి మొక్క

నాగజెముడు పుష్పించే మొక్కల్లో ఒక ప్రజాతి. శాస్త్రనామం ఒపన్షియా, కుటుంబం కాక్టేసీ. ఒడియాలో నాగఫణి అంటారు. ఉత్తరాన కెనడా మొదలుకొని దక్షిణ అమెరికా దక్షిణ భాగం దాకా ఈ ప్రజాతిలో సుమారు 150 నుంచి 200 జాతులు సహజంగా పెరుగుతాయి. జాతికీ జాతికీ సులువుగా సంకరం జరుగుతుంది కాబట్టి ఆ లెక్క మీద వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు. వీటిలో ఏ ఒక్కటీ భారతదేశంలో పుట్టినది కాదు. అయినా ఒడిశాలోని గంజాం తీరంలో, గోపాల్‌పూర్ నుంచి రుషికుల్య మొగ వైపు వెళ్తూ ఇసుక దిబ్బల వెనుక, జీడితోటల గట్ల మీద ఇది పాతుకుపోయిన తీరు చూస్తే ఆదినుంచీ అక్కడిదేననిపిస్తుంది.

తెలుగు పల్లెల్లో జెముడు అనే మాట ఒక్క మొక్కకు పరిమితం కాదు. బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు వంటివి యుఫోర్బియా ప్రజాతికి చెందినవి; వాటిలో కొన్ని మన నేలవే. వాటికీ నాగజెముడుకూ చుట్టరికం చాలా దూరం. కొమ్మ గిల్లి చూస్తే తేడా తెలిసిపోతుంది: యుఫోర్బియా నుంచి తెల్లటి పాలు కారతాయి, కంట్లో పడితే ప్రమాదం. నాగజెముడు నుంచి వచ్చేది పాలు కాదు, నీరులాంటి జిగురు. ముళ్లూ వేరే. యుఫోర్బియాలో అవి సాధారణంగా జంటలుగా వస్తాయి. నాగజెముడులో చిన్న మెత్తలాంటి బుడిపె నుంచి గుత్తిగా పుడతాయి. ఈ బుడిపె కాక్టేసీ కుటుంబమంతటికీ గుర్తు. వేర్వేరు ఖండాల్లో, వేర్వేరు వంశాల్లో పుట్టిన మొక్కలు నీటి కరువుకు ఒకే రకం జవాబు కనుక్కున్నాయి, పల్లె జనం ఆ జవాబును చూసే అన్నిటికీ ఒకే ఇంటిపేరు పెట్టారు.

వాన ఉన్న చోట ఎడారి

గంజాం ఎడారి కాదు. ఏడాదికి సుమారు 1,200 నుంచి 1,300 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అనంతపురం వైపు కురిసేదానికి ఇది రెట్టింపు కంటే ఎక్కువ. వాన ఎక్కువగా జూన్ నుంచి అక్టోబరు లోపలే వస్తుంది. బరంపురం చుట్టూ వరి పండుతుంది, చెరువులు నిండుతాయి. మరి ఎడారి మొక్కకు ఇక్కడేం పని?

జవాబు ఇసుకలో ఉంది. మొక్క లెక్కలో ఎడారి అంటే ఆకాశం నుంచి ఎంత పడిందన్నది కాదు, వేరుకు ఎంత అందిందన్నది. సముద్రపు ఇసుక రేణువుల మధ్య ఖాళీలు పెద్దవి. ఎంత వాన కురిసినా నీరు గంటల్లో కిందికి జారిపోతుంది. బంకమట్టిలా పట్టి ఉంచే గుణం ఇసుకకు లేదు, పోషకాలూ అంతంతమాత్రమే. ఎండాకాలం మధ్యాహ్నం పొడి ఇసుక పైపొర చెప్పుల్లేని కాలు నిలవనివ్వనంతగా కాలుతుంది. పైగా సముద్రం నుంచి వచ్చే గాలి ఉప్పు తుంపర్లు మోసుకొచ్చి ఆకుల మీద చల్లుతుంది, ఇసుకను ఎగదోసి లేత మొక్కలను పూడ్చేస్తుంది. వరిచేనుకు అవతల ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలో, అదే వాన కింద, ఎడారికి దగ్గరి బతుకు మొదలవుతుంది.

ఈ దిబ్బల మీద మొక్కలు ఒక వరుసలో సర్దుకుంటాయి. నీటికి దగ్గరగా ఇసుకపై పాకే బాలబంది తీగ, ముళ్ల బంతుల్లాంటి విత్తన గుత్తులను గాలికి దొర్లించే రావణాసురుడి మీసం గడ్డి ఉంటాయి. వాటి వెనుక మొగలి, జిల్లేడు, నాగజెముడు. ఇంకా లోపలికి వెళ్తే మనిషి నాటిన జీడిమామిడి, సరుగుడు. నాగజెముడు మొదటి వరుసలో నిలవదు. కదిలే ఇసుకలో దానికి కుదురు దొరకదు, ఇసుక కాస్త నిలదొక్కుకున్నాకే వస్తుంది. దిబ్బను కట్టేది అదేనని కొందరు రాస్తారు గానీ, ఆ పని చేసేది దాని ముందున్న తీగా గడ్డీ.

ఆకు లేని మొక్క

నాగజెముడులో మనం ఆకు అనుకునేది ఆకు కాదు, కాండం. పలకలా చదునై, కణుపు కణుపుగా ఒకదాని మీద ఒకటి పెరుగుతుంది. అసలు ఆకులు లేత పలక మీద చిన్న కొమ్ముల్లా కొన్నాళ్లు కనిపించి రాలిపోతాయి. ఆ తర్వాత ఆహారం తయారుచేసే పని, నీరు నిలవచేసే పని రెండూ కాండానివే. పలక బరువులో సుమారు 85 నుంచి 90 శాతం నీరే. ఆ నీటిని లోపలి జిగురు పట్టి ఉంచుతుంది, పైన మందపాటి మైనపు పొర ఆవిరి కానివ్వదు.

ముళ్లు రెండు రకాలు. పొడవాటివి కంటికి కనిపిస్తాయి. వాటి నుంచి పశువైనా తప్పుకుంటుంది. అసలు ఇబ్బంది బుడిపె అడుగున కుచ్చులా ఉండే సన్నటి నూగుముళ్లతో. వెంట్రుక కంటే సన్నంగా, కొనలో వెనక్కి తిరిగిన కొక్కేలతో ఉంటాయి. తాకితే చాలు ఊడి చర్మంలో దిగుతాయి, దిగాక లాగితే రావు. ఈ నూగుముళ్లు ఒపన్షియాకూ దాని దగ్గరి బంధువులకూ మాత్రమే ఉన్న ప్రత్యేకత.

వేళ్లు లోతుకు పోవు. నేల పైపొరలోనే చుట్టూ విస్తరిస్తాయి. ఇసుకలో పడ్డ వాన జారిపోయేలోగా పట్టుకోవాలంటే లోతు కన్నా విస్తీర్ణం అవసరం. ఎండిన నేలలో సన్నటి వేళ్లు చచ్చిపోతాయి. ఒక్క జల్లు పడగానే కొత్తవి పుట్టుకొస్తాయి. తెగిపడ్డ పలక నెలల తరబడి వాడకుండా ఉండి, తడి తగిలిన చోట వేరు పోస్తుంది. పశువు కాలికి గుచ్చుకుని వెళ్లినా, తుపాను గాలికి విరిగి ఇసుకలో కూరుకుపోయినా అక్కడో కొత్త పొద మొదలవుతుంది. గంజాం వంటి తుపానుల తీరంలో ఇది తక్కువ లాభం కాదు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ వంటి గాలివానలో సరుగుడు వేళ్లతో సహా కూలుతుంది, జీడిచెట్టు చీలిపోతుంది. నాగజెముడు మాత్రం విరిగిన ప్రతి ముక్కతో పెరగడానికి సిద్ధంగా ఉంటుంది.

ఒక పులుపు కబురు

ఈ ప్రజాతి బతుకులో అసలు కిటుకు రాత్రిపూట నడుస్తుంది. మామూలు మొక్కలు పగలు పత్రరంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువు తీసుకుంటాయి. తెరిచినంత సేపూ లోపలి నీరు ఆవిరిగా పోతూనే ఉంటుంది. నాగజెముడు పగలు రంధ్రాలు మూసుకుంటుంది. రాత్రి చల్లబడ్డాక తెరిచి, వచ్చిన వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లోని రసకోశాల్లో దాచుకుంటుంది. తెల్లవారాక తలుపులు మూసి, దాచిన ఆమ్లం నుంచి వాయువును విడిపించి ఎండ సాయంతో పిండిపదార్థం చేసుకుంటుంది. అంతే ఆహారం తయారీకి మామూలు మొక్కల కంటే కొన్ని రెట్లు తక్కువ నీరు ఖర్చవుతుంది. కరువు మరీ ముదిరితే రాత్రి కూడా తెరవదు. తన శ్వాసలో వదిలిన వాయువునే తిరిగి వాడుకుంటూ, పెరగకుండా, చావకుండా కాలం గడుపుతుంది.

ఈ సంగతి ముందుగా పసిగట్టినవారిలో ఇద్దరి పేర్లు చెప్పాలి. జెనీవాకు చెందిన థియోడోర్ ద సోస్యూర్ 1804లో అచ్చయిన తన గ్రంథంలో నాగజెముడు పలకలు చీకట్లో బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటున్నాయని రాశాడు. రెండోవాడు బెంజమిన్ హేన్, మన ప్రాంతపు చరిత్రలో భాగమైన మనిషి. తరంగంబాడి మొరేవియన్ మిషన్ నుంచి వచ్చిన ఈ జర్మన్ వైద్యుడు, విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోటకు వెళ్లిపోయాక సామర్లకోటలోని ఈస్టిండియా కంపెనీ తోట బాధ్యత చూశాడు. హేన్ నమిలి చూసింది నాగజెముడును కాదు, రణపాల ఆకును. పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉందని గమనించి లండన్‌లోని వృక్షశాస్త్రజ్ఞుడు లాంబర్ట్‌కు ఉత్తరం రాశాడు. 1815లో లిన్నేయన్ సొసైటీ పత్రికలో అది అచ్చయింది. ప్రయోగశాల లేదు, కొలిచే పరికరం లేదు, నాలుక ఒక్కటే. ఎడారి మొక్కల శరీరధర్మం మీద నేడు వచ్చే పాఠ్యపుస్తకాలు ఈ ఉత్తరాన్ని మొదటి పేజీల్లోనే తలుచుకుంటాయి. మన వైపు మాత్రం హేన్ పేరు దాదాపు ఎవరికీ తెలియదు.

పూవు, పండు

పూవు పలక అంచున పూస్తుంది. తీరంలో ఎక్కువగా కనిపించే జాతిలో పసుపు రంగు, వాడిపోయేటప్పుడు నారింజ ఛాయకు తిరుగుతుంది. ఒక్కో పూవు ఆయుష్షు రోజు రెండు రోజులే. నడుమ గుంపుగా ఉండే కేసరాలకు స్పర్శజ్ఞానం ఉంది: తేనెటీగ దిగి కదిలిస్తే అవి లోపలికి వంగి దాన్ని పుప్పొడిలో ముంచుతాయి. పుల్లతో తాకి చూసినా ఈ కదలిక కనిపిస్తుంది.

పండుది విచిత్రమైన నిర్మాణం. అండాశయం కాండం కొనలో కూరుకుపోయి ఉంటుంది కాబట్టి పండు పైతొక్క నిజానికి కాండమే. అందుకే దాని మీదా బుడిపెలు, నూగుముళ్లు ఉంటాయి. కొన్ని జాతుల్లో పండు నేల మీద పడితే వేరు పోసి మొక్కగా మారుతుంది కూడా. మాగిన పండు ముదురు ఊదా ఎరుపు. ఆ రంగు నేరేడు పండులోని రకం కాదు, బీట్‌రూట్‌లోని బీటలెయిన్ జాతిది. కోస్తా పల్లెల్లో పశువులు కాసే పిల్లలు పండును పుల్లతో కోసి, ఇసుకలోనో గరుకు రాతి మీదో దొర్లించి నూగు పోగొట్టి, చీల్చి తింటారు. పెదాలు, నాలుక ఎర్రబడతాయి, గట్టి గింజలు పంటికి తగులుతాయి. తీపి కొద్దిగా ఉంటుంది. సరిగ్గా దొర్లించకపోతే సాయంత్రం దాకా నోరు మండుతుంది. గుజరాత్‌లో ఒపన్షియా ఎలాటియర్ అనే మరో జాతి పండ్ల రసం సీసాల్లో అమ్ముతారు, రక్తం పెరుగుతుందని చెప్పి. ఆ నమ్మకానికి గట్టి రుజువులు ఇంకా తక్కువే.

మెక్సికోలో ఇది ఇంటి కూర. లేత పలకలను ముళ్లు చెక్కి వండుకుంటారు. ఆ దేశపు జెండా నడుమ పామును పట్టిన గద్ద వాలింది నాగజెముడు మీదే. ముళ్లు దాదాపు లేని ఒపన్షియా ఫైకస్-ఇండికాను అక్కడి రైతులు వేల ఏళ్ల కిందట మచ్చిక చేసుకున్నారు. సిసిలీలో దాని తోటలే ఉన్నాయి: ఎండాకాలం మొదట్లో వచ్చిన పూతను కావాలనే రాల్చేసి, రెండో పూత నుంచి శరత్కాలంలో పెద్ద పండ్లు తీస్తారు.

ఎర్రకోటు కోసం

ఈ మొక్క భారతదేశంలోకి ఏ ఓడ మీద, ఏ ఏట వచ్చిందన్నది కాదు ముఖ్యం. వచ్చాక దాన్ని పనిగట్టుకుని పెంచిన కారణం ముఖ్యం. ఆ కారణం రంగు.

నాగజెముడు మీద బతికే కోచినీల్ అనే చిన్న పురుగు ఆడది తన ఒంట్లో కార్మినిక్ ఆమ్లం అనే ఎర్రరంగు తయారుచేసుకుంటుంది. ఎండబెట్టిన పురుగులు సుమారు 1,40,000 కలిస్తే ఒక కిలో. మెక్సికోలోని ఓహాకా ప్రాంతం నుంచి వచ్చే ఈ సరుకు స్పెయిన్ గుత్తసొత్తు. దాని ధర ముందు మన చిరువేరు ఎరుపు, లక్క ఎరుపు వెలవెలబోయేవి. బ్రిటిష్ సైనికాధికారుల ఎర్రకోట్లకు అద్దకం దీనితోనే. 1777లో థియెరీ ద మెనోన్‌విల్ అనే ఫ్రెంచివాడు ఓహాకా నుంచి పురుగులను, పలకలను దొంగచాటుగా తరలించాక, ఈ గుత్తను తామూ బద్దలు కొట్టగలమని ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీకి ఆశ పుట్టింది.

మద్రాసులో కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్‌కు ఆ ఆశ వ్యసనమైంది. 1786లో స్థానికంగా గడ్డి మీద దొరికిన ఒక పురుగును చూసి ఇదే కోచినీల్ అన్నంత ఉత్సాహంతో లండన్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు ఉత్తరాలు రాశాడు. అది కాదని తేలింది. అయినా మద్రాసు శివారు సైదాపేట దగ్గర నాగజెముడు తోట వేశారు, క్యూ ఉద్యానం నుంచి మొక్కలు తెప్పించారు, మేనల్లుడు ఆండ్రూ బెర్రీని దాని మీద పెట్టారు. పలకలను పెంచడం తేలికే. పలక మీద పెట్టాల్సిన పురుగు మాత్రం రాలేదు.

1795లో వచ్చింది. కెప్టెన్ నీల్సన్ అనే సైనికాధికారి ఇంగ్లండ్ నుంచి వస్తూ రియో డి జనీరోలో పురుగు పట్టిన మొక్కలు సంపాదించి కలకత్తా చేర్చాడు. దారిలో చచ్చినవి చావగా కొన్ని మిగిలాయి. అప్పటికి కలకత్తా తోట అధిపతి రాక్స్‌బర్గ్. పదేళ్లకు పైగా సామర్లకోటలో ఉండి ఉత్తర సర్కారుల మొక్కలను బొమ్మలతో సహా నమోదు చేసినవాడు. పురుగులను రకరకాల నాగజెముడుల మీద వదిలి చూశాడు. దేశంలో అప్పటికే విస్తరించిన ఒక జాతిని, ఇప్పుడు ఒపన్షియా మోనకాంథా అంటున్నదాన్ని, అవి ఆబగా తిన్నాయి. మిగతావాటిని అంతగా పట్టించుకోలేదు. రంగు మాత్రం నాసిరకం. నీల్సన్ తెచ్చింది ఓహాకా పెంపుడు పురుగు కాదు, దాని అడవి దాయాది. శాస్త్రనామం డాక్టిలోపియస్ సిలోనికస్. అద్దకం వ్యాపారం అక్కడితో చతికిలపడింది.

ఆ వైఫల్యం నుంచి కంపెనీ ఊహించని ఫలితం వచ్చింది. పురుగు చేరిన చోటల్లా మోనకాంథా పొదలు కుళ్లి కూలిపోయాయి. ఉత్తర, మధ్య భారతంలో ఆ జాతి చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది. 1836 నుంచి 1838 మధ్య అదే పురుగును దక్షిణానికి, ఈసారి మొక్కను చంపించడం కోసమే, తీసుకొచ్చారు. కలుపుమొక్క మీదికి కీటకాన్ని తెలిసి ఉసిగొల్పిన తొలి ఉదాహరణగా కీటకశాస్త్ర గ్రంథాలు దీన్నే చెబుతాయి. జీవనియంత్రణ అంటే ఆస్ట్రేలియా గుర్తొస్తుంది గానీ దానికి తొలి బడి ఇక్కడే నడిచింది. 1912లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం పంపిన ఇద్దరు శాస్త్రవేత్తలు, జాన్‌స్టన్, ట్రయాన్, దేశాలు తిరుగుతూ భారతదేశానికీ సిలోన్‌కూ వచ్చి ఈ పురుగును చూసి తమ దేశానికి పట్టుకెళ్లారు.

కంచె

పురుగు ఒక జాతిని కొట్టేసింది, మిగతావి నిలిచాయి. నిలిచినవాటిలో ముఖ్యమైనది ఒపన్షియా డిల్లేనియై. కొందరు దీన్ని ఒపన్షియా స్ట్రిక్టాలో కలిపేస్తారు. కరీబియన్ తీరాల ఇసుకలో పుట్టింది కాబట్టి ఉప్పుగాలి దీనికి కొత్త కాదు. గంజాం తీరంలో కనిపించే నాగజెముడు ప్రధానంగా ఇదే.

మనుషులు దీన్ని తెచ్చి నాటింది కంచె కోసం. ఇసుక నేలలో కర్ర పాతితే చెదలు తింటాయి, రాయి దొరకదు, మట్టిగోడ నిలవదు. నాగజెముడు పలక గుచ్చితే రెండు మూడేళ్లకు పశువు దూరని గోడ. దక్షిణాదిలో కోటల చుట్టూ కూడా జెముడు కంచెలు పెంచేవారు. పాడుబడ్డ కోటలు, శ్మశానాలు, బంగళాల దగ్గర దట్టమైన పొదలు కనబడితే అవి ఎవరో ఒకప్పుడు గుచ్చిన పలకల వారసులై ఉండే అవకాశం ఎక్కువ.

కంచెల్లోకెల్లా పెద్దది ఉప్పు మీద వేశారు. పందొమ్మిదో శతాబ్దిలో బ్రిటిష్ ప్రభుత్వం సింధు నది నుంచి మహానది దాకా సుమారు 2,300 మైళ్ల సుంకపు సరిహద్దు గీసింది, దాదాపు 12,000 మందిని కాపలా పెట్టింది. అందులో చాలా దూరం ముళ్లకంచే: తుమ్మ, రేగు, వాక, జెముడు, నీళ్లు అందని చోట నాగజెముడు. తూర్పు కొసన దాని పని తీరపు ఉప్పును సుంకం కట్టకుండా లోపలి దేశానికి వెళ్లనివ్వకపోవడం. గంజాంలో హుమ్మా ఉప్పుకొఠార్లున్న తీరమూ, బండ్ల మీద, ఎద్దుల మీద ఉప్పు పశ్చిమానికి మోసిన బాటలూ ఆ లెక్కలోకే వస్తాయి. 1879లో ఆ సరిహద్దును ఎత్తేశారు, కంచె ఆనవాళ్లు కూడా దాదాపు పోయాయి. కంచెగా నాటిన మొక్క మాత్రం ఎత్తేయమంటే ఎత్తేసేది కాదు.

గంజాం తీరంలో నాగజెముడుకు కంచెగా పోటీ మొగలి. రెండూ ఇసుకను, ఉప్పుగాలిని తట్టుకుంటాయి, రెంటికీ ముళ్లే. మగ మొగలిపొత్తు మాత్రం ఛత్రపురం, రంగైలుండ, చికిటి ప్రాంతాల బట్టీలకు వెళ్లి అత్తరు, కేవడా నీరు అవుతుంది; దేశంలో వాడే కేవడా సుగంధంలో అత్యధిక భాగం ఈ ఒక్క జిల్లాదే, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. గట్టు మీద ఉన్నది నాలుగు డబ్బులు తెస్తుంటే దాన్ని ఎవరూ నరకరు. నాగజెముడుకు ఆ అదృష్టం లేదు. ఎవరికీ పట్టని చోట మిగిలింది.

రెండో పురుగు

డిల్లేనియై విస్తరించి మద్రాసు రాష్ట్రంలో బీళ్లను, రోడ్ల పక్కలను ఆక్రమించింది. పాములు, పందికొక్కులు చేరతాయని, పశువులకు మేత తగ్గిపోతుందని ఫిర్యాదులు. పాత పురుగు దాన్ని ముట్టదు. చివరికి 1926లో సిలోన్ నుంచి డాక్టిలోపియస్ ఒపన్షియే అనే మరో జాతి పురుగును తెచ్చి తిరునల్వేలి వైపు వదిలారు. అయిదారేళ్లలో దక్షిణాదిన సుమారు 40,000 హెక్టార్లు శుభ్రపడ్డాయని లెక్క.

ఆ పురుగు నేటికీ మన మధ్య ఉంది. పలక మీద తెల్లటి దూదిపింజల్లాంటి మచ్చలు కనిపిస్తే అది బూజు కాదు. గోటితో నలిపితే రక్తంలా ఎర్రగా చిమ్ముతుంది. పొదలు పూర్తిగా పోవు. పురుగు పెరిగితే మొక్క తగ్గుతుంది, మొక్క తగ్గితే పురుగు తగ్గుతుంది, మళ్లీ పొద లేస్తుంది.

అదే కాలంలో ఆస్ట్రేలియాలో సుమారు 2.4 కోట్ల హెక్టార్లను నాగజెముడు కప్పేసింది. అక్కడ అర్జెంటీనా నుంచి తెచ్చిన కాక్టోబ్లాస్టిస్ అనే రెక్కలపురుగు గొంగళ్లు పలకలను లోపలి నుంచి తొలిచి కొన్నేళ్లలోనే అడవిని నేలకూల్చాయి. క్వీన్స్‌లాండ్‌లోని బూనార్గా ఊళ్లో ఆ పురుగు పేరున రైతులు ఒక సమావేశ మందిరం కట్టుకున్నారు. మడగాస్కర్ కథ దీనికి తలకిందులు. అక్కడి దక్షిణ ప్రాంతపు అంటాండ్రోయ్ ప్రజలకు నాగజెముడే ఎండాకాలపు నీరు, పశువుల మేత, శత్రువు రాకుండా కంచె. 1920లలో కోచినీల్ పురుగును వదలడంతో పొదలు పోయాయి, పశువులు పోయాయి, కరువు వచ్చి జనం వలస పోయారు. కలుపు అనే పేరు మొక్కకు పుట్టుకతో రాదు, ఆ నేల మీద దానితో ఎవరు బతుకుతున్నారో చూడకుండా పెట్టకూడదు.

ఏ పుస్తకంలో వెతకాలి

గంజాం మొక్కల మీద చదవాలనుకున్నవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. 1920లలో హెయిన్స్ రాసిన బిహార్-ఒరిస్సా వృక్షగ్రంథంలో గంజాం లేదు, ఎందుకంటే అప్పటికది మద్రాసు రాష్ట్రపు ఉత్తర కొస. గ్యాంబుల్ మొదలుపెట్టి, ఆయన పోయాక ఫిషర్ ముగించిన మద్రాసు రాష్ట్ర వృక్షగ్రంథంలో చూడాలి. 1915లో మొదలైన ఆ గ్రంథం 1936లో పూర్తయింది. గంజాం ఒరిస్సాలో చేరింది ఆ ఏడాది ఏప్రిల్ 1నే. సక్సేనా, బ్రహ్మం రాసిన ఒరిస్సా వృక్షగ్రంథం 1990లలో గానీ రాలేదు. నడుమ దాదాపు అరవై ఏళ్లు ఈ జిల్లా మొక్కలకు పాత రాష్ట్రపు పుస్తకమే దిక్కు. 

మేతగా నాగజెముడు

ఈ ప్రజాతి ఇప్పుడు మరో దారిలో తిరిగి వస్తోంది. ముళ్లు లేని ఫైకస్-ఇండికా రకాలను మెట్ట ప్రాంతాల్లో పశుగ్రాసంగా పెంచాలని ఇకార్డా అనే అంతర్జాతీయ సంస్థ, భారత వ్యవసాయ పరిశోధన మండలి కేంద్రాలు కొన్నేళ్లుగా ప్రయోగాలు చేస్తున్నాయి. 2022 నుంచి కేంద్ర భూవనరుల శాఖ కూడా వాటర్‌షెడ్ పథకాల్లో దీన్ని ప్రోత్సహిస్తోంది. పలకల నుంచి బయోగ్యాస్ తీయాలన్న ఆలోచనా ఉంది.

మేతగా దాని బలం నీరు, బలహీనత కూడా నీరే. ఎండాకాలంలో పశువుకు దాహం తీరుస్తుంది గానీ మాంసకృత్తులు బహు తక్కువ. పలకలొక్కటే పెడితే పేడ పలచబడుతుంది. ముక్కలు కోసి వరిగడ్డితోనో జొన్నచొప్పతోనో కలిపి, పిండిచెక్కో పప్పుజాతి మేతో తోడిస్తేనే పని జరుగుతుంది. అనంతపురం, కర్నూలు వంటి చోట్ల దీనికి అర్థం ఉంది. గంజాం తీరానికి మాత్రం పెద్దగా అక్కర్లేదన్నది నా అభిప్రాయం. వరిగడ్డి దొరికే జిల్లా ఇది, కొరత ఎక్కువగా పచ్చిమేతకే.

తుపానుల తర్వాత తీరంలో పచ్చని గోడలు పెంచే పథకాల్లో నాగజెముడును చేర్చకపోవడమే మేలు. రుషికుల్య మొగ దగ్గర ఇసుకలో ఏటా తాబేళ్లు గుడ్లు పెడతాయి. వాటికి కావలసింది ఖాళీగా, మెత్తగా ఉండే ఇసుక. అక్కడి ముందు దిబ్బకు బాలబంది తీగ, రావణాసురుడి మీసం చాలు. ఇప్పటికే వెనుక గట్ల మీద ఉన్న నాగజెముడును పెకిలించడానికి డబ్బు పోయడమూ వృథా. తెగిన ప్రతి ముక్కా మళ్లీ వేరుపోస్తుంది. దాని సంగతి చూసుకోవడానికి తెల్లదూది పురుగు అక్కడే ఉంది.